సినిమా లేని పాటలు

పోస్టు కాస్త పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. పాత గ్రామఫోను పాటల గురించి రాస్తున్నాను. మనకీ దానికీ ఏటి సంబంధం అని మధ్యలో ఆపేయకండి, సంబంధం ఉంది. చివర్లో మీ అందరితో ఒక పని కూడా ఉంది.

సాలూరి రాజేశ్వరరావు అన్న పేరు మనలో చాలామందికి తెలీకపోవచ్చు. రాజ్-కోటి తెలుసు కదా, మన పెళ్ళిళ్ళలో డీజే వాళ్ళు ఇప్పటికీ వాళ్ళ పాటలు వేస్తారు. ఆ కోటి గారి నాన్నే ఈయన. మల్లీశ్వరి (1951), మిస్సమ్మ (1955) సినిమాలకు సంగీతం ఇచ్చారు. పుట్టింది సాలూరు దగ్గర శివరామపురం. సాలూరు అంటే మన కొండల కిందే ఉంది. అసెంబ్లీకి ఎస్టీ రిజర్వుడు సీటు. ఊరు దాటి పాచిపెంట వైపు వెళ్తే ఘాటీ రోడ్డు ఒడిశాలోకి ఎక్కుతుంది. వాళ్ళ నాన్న సన్యాసిరాజు గారు మృదంగం వాయించేవారు. ఈయన పదేళ్ళు దాటిన వయసుకే రికార్డులకు పాడారు. 1935లో వచ్చిన శ్రీకృష్ణలీలలు సినిమాలో కృష్ణుడి వేషం వేశారు. కుర్రతనంలో కొన్నాళ్ళు కలకత్తాలో ఉండి అక్కడి సంగీతం విన్నారు.

ఆ తర్వాత 1940ల రోజుల్లో ఆయన సినిమాలతో పనిలేకుండా విడిగా కొన్ని పాటలు రికార్డులకు ఇచ్చారు. వాటిని ప్రైవేటు పాటలు అనేవారు, లలిత గీతాలు అని కూడా. 'చల్లగాలిలో', 'పాట పాడుమా కృష్ణా' అలాంటివే. కొన్ని ఒక్కరే పాడారు, కొన్ని ఆర్. బాలసరస్వతీదేవి గారితో కలిసి పాడారు. మిస్సమ్మ పాటలు తెలిసినంతగా ఇవి ఇప్పటివాళ్ళకి తెలీవు. నాకూ తెలీవు. డిగ్రీ రెండో ఏడాదిలో ఆమదాలవలసలో ఒక ముసలాయన ఇంట్లో మొదటిసారి విన్నాను.

మాది సీతంపేట అవతల కొండ మీద ఊరు. సవరలం. ఆమదాలవలసలో రూము కోసం తిరిగినప్పుడు రెండిళ్ళలో ముందు 'ఖాళీ ఉంది' అన్నారు. ఊరు పేరు చెప్పాక 'మా అబ్బాయి వస్తున్నాడు, ఇవ్వం' అన్నారు. ఇది మనలో చాలామందికి అయిన అనుభవమే కాబట్టి ఎక్కువ రాయను. మూడో ఇల్లు స్టేషన్‌కి కాస్త దూరంలో, పాత పెంకుటిల్లు. (తెలీని వాళ్ళకి: రైలు టికెట్టు మీద 'శ్రీకాకుళం రోడ్డు' అని ఉండేది ఆమదాలవలస స్టేషనే.) ఇంటాయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి.

"ఏ ఊరు బావూ మీది?" అన్నారు.

"సీతంపేట అవతలండి."

"సవరోలా?"

"అవునండి."

"సరే, సామాన్లు లోపలెట్టుకో. ఒకటో తారీకుకి అద్దె ఇచ్చేయాల, అంతే."

అలా ఆయన నాకు తాతగారు అయ్యారు.

ఆ ఇంట్లో నడిమింటి గదిలో రెండు చెక్క బీరువాలు ఉండేవి. వాటి నిండా గ్రామఫోను రికార్డులు. తాతగారు వాటిని ప్లేట్లు అంటారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏ స్టేషన్‌కి బదిలీ అయితే ఆ ఊళ్ళో కొన్నారట. టేపురికార్డర్లు వచ్చాక టీ హోటళ్ళ వాళ్ళు పాత ప్లేట్లు పడేస్తుంటే అవీ తెచ్చుకున్నారు. నేను వెళ్ళేసరికి ఆయనకి చూపు బాగా తగ్గింది, చేతులు వణుకుతున్నాయి. ప్లేటు తీయాలంటే భయం, ఎందుకంటే ఆ పాత ప్లేట్లు కింద పడితే పింగాణీ పళ్ళెంలా పగిలిపోతాయి. అందుకని ఆదివారాలు నాకు పని ఒప్పజెప్పారు. ఒక్కో ప్లేటు మెత్తటి గుడ్డతో తుడవాలి, మధ్యలో గుండ్రటి కాగితం మీద ఉన్నది చదివి నోటుబుక్కులో ఎక్కించాలి. పాట, పాడినవాళ్ళ పేరు, కంపెనీ, నంబరు. దానికి బదులుగా ఆదివారం భోజనం. మామ్మగారు చేసే చింతచిగురు పప్పు కోసం అయినా ఆ పని మానేవాణ్ణి కాదు.

నోటుబుక్కు పూర్తయ్యేసరికి 312 ప్లేట్లు తేలాయి. ఎక్కువ సినిమా పాటలే. తర్వాత నాటకం పద్యాలు, హరికథలు, బుర్రకథలు, కొన్ని వయొలిన్ ప్లేట్లు. హిందీ, బెంగాలీ కూడా ఉన్నాయి.

బీరువా అడుగున ఒక లావుపాటి పుస్తకం దొరికింది. అట్ట మీద గుడ్డ అంటించి ఉంది. లోపల పేజీలకి బదులు దళసరి కాగితం సంచులు, ఒక్కో సంచిలో ఒక్కో ప్లేటు. పాత 78 స్పీడు ప్లేటు ఒక పక్కకి మూడు నిమిషాలే పాడుతుంది. ఎక్కువ పాటలు కలిపి దాచుకోవాలంటే ఇలాంటి పుస్తకం కావాలి. ఫొటోల ఆల్బమ్‌లా ఉంటుంది కాబట్టి దీన్నీ ఆల్బమ్ అన్నారు. ఇప్పుడు మనం ఫోనులో 'కొత్త ఆల్బమ్ వచ్చింది' అంటున్నామే, ఆ మాట ఈ పుస్తకం నుంచే వచ్చింది.

"ఒరే బావూ, అది జాగర్తగా ఎత్తు. అది నాను కూర్చుకున్న పొత్తం," అన్నారు తాతగారు.

అందులో అన్నీ రాజేశ్వరరావు గారి ప్రైవేటు పాటలే. ఏడు ప్లేట్లు, పద్నాలుగు పక్కలు. తాతగారి దగ్గర సూట్‌కేసు లాంటి పెట్టెలో ఉండే గ్రామఫోను ఉంది, కరెంటు అక్కర్లేదు. కీ తిప్పి, కొత్త ముల్లు బిగించి, ప్లేటు మీద నెమ్మదిగా ఆనించాను. ముందు గరగరమని చప్పుడు, నూనెలో ఏదో వేగుతున్నట్టు. ఆ చప్పుడు వెనకాల నుంచి ఒక గొంతు వచ్చింది.

ఆ గొంతు గురించి చెప్పాలి. అంతకుముందు వారాల్లో నేను విన్న నాటకం పద్యాలన్నీ పెద్ద గొంతుతో, ఊరి చివరి వాడికి కూడా వినబడేట్టు పాడినవి. దానికి కారణం ఉంది. మైకులు లేని రోజుల్లో రికార్డు చేయాలంటే పెద్ద గరాటా లాంటి కొమ్ము ముందు నిలబడి గట్టిగా పాడాలి. ఆ చప్పుడు ఊపుకే సూది కదిలి మైనం మీద గీత గీస్తుంది. 1925 తర్వాత మైకుతో రికార్డు చేయడం వచ్చింది. అప్పట్నుంచి నెమ్మదిగా పాడినా సరిపోయింది. కానీ స్టేజీ అలవాటు ఉన్నవాళ్ళు చాలామంది పాత పద్ధతి వదల్లేదు. రాజేశ్వరరావు గారు మాత్రం మన పక్కన అరుగు మీద కూర్చుని పాడుతున్నట్టు పాడారు. అరుపు లేదు, గొప్ప చూపించుకోవడం లేదు. మాట చివర గొంతు కొంచెం సన్నగా వంగుతుంది, అంతే.

మా మామ్మ అలాగే పాడుతుంది. చేను కాపలాకి మంచె మీద కూర్చున్నప్పుడు, పిల్లని వీపుకి కట్టుకుని కందులు చెరుగుతున్నప్పుడు, ఎవరి కోసమూ కాకుండా పాడుతుంది. సవరలో పాడుతుంది. ఒక మాట అని, అదే సంగతి రెండోసారి ఇంకో మాటతో తిప్పి అంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఆమదాలవలసలో ఎవరో తెలుగాయన కృష్ణుడి పాట పాడుతుంటే నాకు మా మామ్మ గుర్తొచ్చింది. రెండో పక్క తిప్పమని తాతగారు రెండుసార్లు చెప్పాక వినబడింది నాకు.

"ఎవరూ వీటి గురించి చెప్పరేంటి తాతగారూ?" అని అడిగాను.

"ఇవి సినిమావి కావురా. వీటికి బొమ్మ లేదు. బొమ్మ ఉన్న పాటని టీవీవోడు మోస్తాడు, హీరో మోస్తాడు. దీన్ని ఎవుడు మోస్తాడు? దాచుకున్నోడే మొయ్యాల."

ఆ మాట నాకు అలా ఉండిపోయింది. సినిమా పాటకి సినిమా తోడుంటుంది. హీరో పుట్టినరోజు వచ్చినా, టీవీలో ఆ సినిమా వేసినా ఆ పాట మళ్ళీ బతుకుతుంది. ప్రైవేటు పాటకి ఆ ఏర్పాటు లేదు. ఎవరో ఒకరి ఇంట్లో ప్లేటు పగలకుండా ఉంటేనే ఉంటుంది. మన పాటలు కూడా సినిమా లేని పాటలే కదా అనిపించింది.

ఇంక రెండో సంగతి. ఆ ప్లేట్లు దేనితో చేస్తారో తెలుసా? లక్కతో. మన ఏటికొప్పాక బొమ్మలకి రంగు పూసే లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు గుంపుగా బతుకుతూ ఒంటి చుట్టూ జిగురు లాంటిది కట్టుకుంటాయి. ఆ కొమ్మలు కొట్టి, గీకి, దంచి, కడిగి, కరిగించి పలకలుగా తీస్తారు. ఆ లక్కలో రాతిపొడి, నల్లరంగు కలిపి వేడి మీద అచ్చు నొక్కితే 78 స్పీడు ప్లేటు అవుతుంది. లక్కలో ప్రపంచానికి పెద్ద దిక్కు మన దేశమే. 1908లో కలకత్తా సియాల్దాలో మొదలైన రికార్డుల ఫ్యాక్టరీ తర్వాత డమ్‌డమ్‌కి మారింది. తెలుగు ప్లేట్లు కూడా అక్కడ అచ్చయినవే. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క దొరక్క అమెరికాలో 1942లో రికార్డుల కంపెనీలకి కోత పెట్టారు, పాత ప్లేట్లు తిరిగిస్తే కరిగించి కొత్తవి చేసేవారు. విదేశాల్లో ప్లాస్టిక్ వచ్చాక కూడా మన దగ్గర లక్క ప్లేట్లు చాలాకాలం నడిచాయి. బీటిల్స్ పాటలు కూడా ఇండియాలో లక్క ప్లేట్ల మీద వచ్చాయి.

ఆ లక్క ఎక్కువగా ఎక్కణ్ణుంచి వచ్చేది? ఛోటానాగపూర్ అడవుల నుంచి. ఇప్పటి జార్ఖండ్, దాని చుట్టుపక్కల. అందుకే లక్క పరిశోధనకి 1924లో సంస్థ పెట్టినప్పుడు రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో పెట్టారు. అక్కడ చెట్లెక్కి లక్క కొట్టింది ముండాలు, ఉరావులు, సంతాలులు, హో వాళ్ళు. ఇక్కడ మన గ్రూపులో చిన్న తమ్ముళ్ళకి ఒక విషయం చెప్పాలి. మన సవర భాష తెలుగుకి చుట్టం కాదు. అది ముండా కుటుంబం భాష. సంతాలీ, ముండారీ, హో భాషలకి చుట్టం. గదబ భాషల్లో ఒకటి కూడా ఆ కుటుంబానిదే. అంటే మన భాషకి చుట్టాలైన భాషలు మాట్లాడేవాళ్ళు కొట్టిన లక్కతోనే ఈ ప్లేట్లు అచ్చయ్యాయి.

ఇది తెలిశాక నోటుబుక్కు మళ్ళీ మొదట్నుంచి చూశాను. 312 ప్లేట్లలో సవర పాట ఒక్కటి లేదు. జాతాపు, గదబ, కొండదొర పాట ఒక్కటి లేదు. ఆదివాసీ అన్న వాసన ఉన్నది ఒకే ఒక్క సినిమా, చెంచులక్ష్మి (1958). దానికి సంగీతం కూడా రాజేశ్వరరావు గారే. బాణీలు చాలా బాగుంటాయి, నేను ఒప్పుకుంటాను. కానీ అందులో చెంచు పిల్లగా వేసింది అంజలీదేవి గారు, మాటలూ పాటలూ మద్రాసులో రాసినవి. నల్లమల చెంచులు ఎలా పాడతారో ఆ ప్లేటు వింటే తెలీదు.

తాతగారి మీద నాకు కోపం రాలేదు. ఆయన దొరికినవి కొన్నారు. కంపెనీ కొనేవాళ్ళ కోసం అచ్చేసింది. మన కొండల్లో గ్రామఫోను కొనేవాళ్ళు ఎవరున్నారు అప్పుడు? డబ్బులు పెట్టే మనిషి లేని చోట మైకు రాదు. అలాగని మన వైపు ఎవరూ ఏమీ రాసుకోలేదా అంటే అదీ కాదు. గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన వైపు పర్వతాలపేట. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ సవర నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద పెద్ద పుస్తకం వేశారు, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు తెచ్చారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని స్కూళ్ళలో ఆయన ఫొటోకి దండ వేస్తారు, సవర సంగతి మాత్రం ఒక్క ముక్కలో చెప్పి దాటేస్తారు. ఆయన చేసిన పని వల్ల మన మాటలు కాగితం మీద ఉన్నాయి. గొంతు సంగతి మనమే చూసుకోవాలి.

పోయిన ఏడాది తాతగారి కొడుకులు వచ్చారు. ఒకాయన బెంగుళూరు, ఒకాయన విశాఖపట్నం. ఇల్లు సర్దాలి, ఇంత సామాను ఎందుకు అన్నారు. పాత ప్లేట్లు కొనే మనిషిని పిలిపించారు. అతను సినిమా ప్లేట్లు ఏరి పక్కన పెట్టుకున్నాడు. హిందీవి తీసుకున్నాడు. గుడ్డ అట్ట ఆల్బమ్ తెరిచి రెండు లేబుళ్ళు చూసి మూసేశాడు. "ఇవెవరూ అడగరండి," అన్నాడు. నాటకం పద్యాలు కూడా వదిలేశాడు. తాతగారు మంచం మీద కూర్చుని అంతా వింటున్నారు. అతను వెళ్ళాక నన్ను పిలిచి, "మంచిదే అయింది, నా పొత్తం నాకు మిగిలింది," అని నవ్వారు. ఇప్పటికీ ఆ ఆల్బమ్ ఆయన మంచం పక్క బల్ల మీదే ఉంది. డిగ్రీ అయిపోయినా నెలకోసారి వెళ్తుంటాను. ముల్లు నేనే మారుస్తాను.

సంక్రాంతి తర్వాత ఊరెళ్ళాను. మా ఊళ్ళో కందికొత్తల పండగకి ఇప్పుడు పాలకొండ నుంచి బాక్సులు తెస్తున్నారు. తుడుం ఒక్క పూట మోగుతుంది, తర్వాత అంతా డీజే. నేనూ డ్యాన్సు వేస్తాను, దానికి వ్యతిరేకం కాదు. కాకపోతే మా మామ్మతో కలిసి పాడేవాళ్ళు ఒకప్పుడు అయిదుగురు ఉండేవాళ్ళు. ఇప్పుడు ముగ్గురే. పాడేటప్పుడు ఒకళ్ళు మాట అందిస్తే ఇంకొకళ్ళు ఎత్తుకోవాలి. అందించే మనిషి లేకపోతే ఆ పాట సగంలో ఆగిపోతుంది. మామ్మ రెండు పాటల దగ్గర అలా ఆగిపోయి, 'ఇక్కడ ఆమె పాడేది' అని చనిపోయిన తోటికోడలి పేరు చెప్పింది.

ఫోనులో రికార్డు చేశాను. వినిపిస్తే మామ్మ సవరలో ఏమందంటే, "నా గొంతు ఇంత ముసిల్దానిలా ఉందేటి? నీ ఫోను బాగోలేదు." మిగతా ఇద్దరూ ఒకటే నవ్వు. ఆ నవ్వు కూడా రికార్డులో ఉంది, తీసేయలేదు. ఇప్పటికి పదకొండు పాటలు అయ్యాయి.

తాతగారి ప్లేట్లకి లిస్టు రాయడం వల్ల నాకు ఒక అలవాటు వచ్చింది. లేబులు లేని ప్లేటు దొరికితే అది ఎవరిదో ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు, ఎంత బాగున్నా సరే. ఫోనులో 'ఆడియో 0047' అని ఉన్నది కూడా అంతే, పదేళ్ళు పోతే అది ఎవరి గొంతో మన పిల్లలకి తెలీదు. అందుకని ప్రతి పాటకి ముందు నేనే మాట్లాడి రికార్డు చేస్తున్నాను. ఈ రోజు తారీకు, ఊరు, పాడుతున్న మనిషి పేరు, ఈ పాట ఏ పనిలో ఏ పండగలో పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత పాట. పాట అయ్యాక తెలుగులో అర్థం అడిగి అదీ రికార్డు చేస్తున్నాను. కొన్ని పాటలు బయటివాళ్ళకి వినిపించకూడదు అంటారు పెద్దోళ్ళు. అవి రికార్డు చేసినా ఎవరికీ పంపను. పాట వాళ్ళది, మాట వాళ్ళదే.

మీతో పని ఏమిటంటే ఇదే. ఈ వేసవి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లోనో పక్కింట్లోనో పాడే మనిషి దగ్గర కూర్చోండి. సవర, జాతాపు, గదబ, కొండదొర, ఎవరైనా సరే. ముందు అడగండి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. ఫ్యాను కట్టేయండి, ఫోను వాళ్ళకి మూరెడు దూరంలో గుడ్డ మీద పెట్టండి, గాలి తగలనివ్వకండి. పైన చెప్పిన వివరాలు గొంతుతోనే చెప్పండి. ఒక కాపీ ఫోనులో, ఇంకో కాపీ పెన్‌డ్రైవులో ఉంచండి. ఫోను పోతే పాట పోకూడదు. రీల్స్ కోసం ముప్పై సెకన్లు కోయకండి, పూర్తిగా ఉంచండి. పాట మధ్యలో కోడి కూసినా, పిల్ల ఏడ్చినా పర్లేదు.

రాజేశ్వరరావు గారి ఆ పాటలు కూడా ఒకసారి వినండి. యూట్యూబ్‌లో కొందరు పాత ప్లేట్ల నుంచి ఎక్కించినవి దొరుకుతాయి. రాత్రి లైట్లు ఆర్పేశాక హెడ్‌సెట్ పెట్టుకుని వినండి. మొదట గరగర వినిపిస్తుంది, పది సెకన్లు ఓపిక పట్టండి.

మీ దగ్గర ఇప్పటికే రికార్డులు ఉంటే కింద ఊరు పేరు, భాష, ఎన్ని పాటలో రాయండి. పాట పెట్టక్కర్లేదు. ఎక్కడ ఏముందో ఒక నోటుబుక్కులో నేను ఎక్కిస్తాను. మొదటి పేజీలో మా ఊరిది రాశాను: సవర, పదకొండు.